అరవై తొమ్మిదో వరుస

మా పత్రిక ఆఫీసంటే
లాండ్రీ గది పక్కన రెండు కుర్చీలు, ఒక కంప్యూటరు,
సరిగ్గా మండని కట్టెల పొయ్యి.
సంపాదకులం నలుగురం. నలుగురికీ పరీక్షలు మిగిలే ఉన్నాయి.
అచ్చు వేసేది అరవై ప్రతులు.
చదివేది పదహారుమందని రెనాతా లెక్క,
అందులో ఏడుగురు రాసినవాళ్ళ అమ్మలు.

వాల్దీవియాలో చలికాలం
ఆకాశానికి చిల్లు పడిందని ఎవరూ అనరు.
చిల్లు పూడిన రోజునే వింతగా చెప్పుకుంటారు.
ఆ వ్యాసం ఆఖరి గడువు రాత్రి వచ్చింది,
పదకొండూ యాభై మూడుకి.
రచయిత: రయేన్ కత్రిలెఫ్, రెండో సంవత్సరం.
సారాంశం రెండువందల యాభై మాటలు దాటకూడదంటే
రెండువందల నలభై తొమ్మిది రాసింది.
సహరచయితలు లేరు.
కృతజ్ఞతల్లో మాత్రం ఇరవై మూడు ఇళ్ళు.

ఇరవై మూడు రేకు కప్పులు.
ఒక్కో కప్పు మీద మెడ కోసిన కూల్‌డ్రింక్ సీసా,
గాలికి ఎగరకుండా చుట్టూ ఇటుకలు.
రోజూ పొద్దున ఏడింటికి
నిచ్చెన, స్కేలు, పెన్సిలు.
తొంభై రెండు రోజులు.
తేలిందేమిటంటే
ఒకే పేటలో ఒకే వాన
నది ఒడ్డు ఇంటికి ఒకలా, గుట్ట మీది ఇంటికి ఒకలా
కురుస్తుందని.
"ఇది మనకి తెలిసిందేగా" అన్నాడు ఫకుందో.
తెలుసు. ఎంతో తెలీదు.

పట్టికలో అరవై తొమ్మిదో వరుస ఖాళీ.
కింద చిన్న అక్షరాల్లో:
ఆగస్టు ఎనిమిది. కొలవలేదు. అమ్మమ్మను పూడ్చిన రోజు.

రెండో సమీక్షకుడు (వాడూ మాలాంటి విద్యార్థే,
ఎవరో బయటికి చెప్పకూడదు)
ఎర్ర అక్షరాల్లో రాశాడు:
సొంత సంగతులు తీసెయ్యండి.
ముందు రోజుదీ తర్వాతి రోజుదీ సగటు కట్టి గడి నింపండి.
పద్ధతి ప్రకారం తప్పేం లేదు.
నేనూ అలాగే నింపాను పోయినేడాది, నా నత్తల లెక్కలో,
ఫిబ్రవరి ఎండలో గడ్డి మీద పడి నిద్రపోయిన
రెండు మధ్యాహ్నాలు.

వారానికి జవాబొచ్చింది.
అక్షరదోషాలు దిద్దింది. రెండో బొమ్మ మార్చింది.
అమ్మమ్మను తీసేసింది.
గడి నింపలేదు.
విడిగా నాకో ఉత్తరం:

"ఆ రోజు వాన పడింది.
తవ్విన గోతిలోకి నీళ్ళు ఊరుతుంటే
మామయ్యలు బకెట్లతో తోడారు.
ఎన్ని బకెట్లో నేను లెక్కపెట్టలేదు.
మర్నాటికి సీసాలన్నీ పొంగిపోయాయి,
అందుకే డెబ్బయ్యో వరుసలో పొంగింది అని రాశాను.
ఏ వాన ఏ రోజుదో చెప్పలేను.
సగటు వేస్తే నేను కప్పు మీదున్నట్టవుతుంది."

వాన రాకడని
తొంభై పొద్దులు మిల్లీమీటర్లలో పట్టుకుంది.
ప్రాణం పోకడకి
ఒక్క గడి వదిలింది.

రాత్రి రెండింటికి పేజీలు కూర్చుతున్నాను.
ఈ సాఫ్ట్‌వేర్‌కి ఖాళీ అంటే గిట్టదు,
ఎక్కడ కనబడినా సున్నా పెట్టేస్తుంది.
సున్నా అంటే వాన పడలేదని.
ఖాళీ అంటే ఆ పిల్ల నిచ్చెన ఎక్కలేదని.
సున్నా చెరిపాను. వచ్చింది.
చెరిపాను. మళ్ళీ వచ్చింది.
నది గట్టున చేపల బజారు దగ్గర
సముద్రసింహాలు అరుస్తున్నాయి,
అప్పుడే బేరాలు మొదలైనట్టు.
చివరికి ఆ గడిలో ఒక చుక్క పెట్టి
దానికి తెల్లరంగు వేశాను.
తెల్లకాగితం మీద తెల్లచుక్క.
యంత్రం ఊరుకుంది.

పొద్దున ప్రూఫు చూస్తూ ఫకుందో అడిగాడు,
"అరవై తొమ్మిదిలో ఏదో ఎగిరిపోయినట్టుందే?"
లేదన్నాను.
అచ్చుకి పంపించాం.

ఇంటికొచ్చి
నా నత్తల నోటుబుక్కు తీశాను.
ఆ రెండు మధ్యాహ్నాల కోసం వెతుకుతున్నాను.
సగటులు ఎంత బాగా కుదిరాయంటే
అవి ఏవో
నాకే తెలియడం లేదు.