జంతువుకి సానపట్టిందెవరు

మొదటి బొమ్మలో దాని వీపు నిండా
ఇరవై ఏడు స్ఫటికాలు నాటాను.
అన్నీ ఆరు పలకలవి, అన్నీ ఊదారంగువి,
ఒక్కోదాని ఎడమ భుజం మీద ఒక తెల్ల చుక్క.
స్టూడియోలో అందరికీ నచ్చింది.
ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రెండే మాటలు వచ్చాయి:
"ఇంకా మెరవాలి."

ఆ సాయంత్రం ప్రింటు తీసుకెళ్లి
కింది వాటాలో ఉండే హార్ట్‌విగ్‌కి చూపించాను.
ఇడార్ వాగు ఒడ్డున, నీళ్లు తిప్పే సానరాయి ముందు
పదిహేనో ఏటి నుంచి అగేట్లు అరగదీసిన మనిషి.
కళ్లజోడు నుదుటి మీదకి తోసి
ఒక్కో స్ఫటికాన్నీ బొటనవేలితో తడిమాడు,
అది కాగితమని మరిచిపోయినట్టు.

"ఎక్కడుంటుందిది?"
గుహలో, అన్నాను. మనిషి అడుగు పడని చోట.
"మరి దీనికి సానపట్టిందెవరు?"

కథలో మూడు రాజ్యాలున్నాయి,
మంత్రగాళ్లున్నారు, వాళ్లకి శిష్యులున్నారు.
సానపట్టేవాడి పేరు ఏ పేజీలోనూ లేదు.

వంటగదిలోకి వెళ్లి
బంగాళాదుంపల బుట్టలోంచి ఒకటి తెచ్చి
నా చేతిలో పెట్టాడు. చెయ్యి కిందికి జారింది.
దుంప కాదు, రాయి.
బ్రెజిల్ మట్టి ఇంకా పగుళ్లలోనే ఉంది.
"గీయి, స్వెన్యా. కొయ్యకుండా గీయి."

మూడు రోజులు పట్టింది.
స్ఫటికమైతే గీత గీతకీ దారి చూపిస్తుంది:
ఇక్కడ అంచు, ఇక్కడ మెరుపు, అయిపోయింది.
ఈ మొద్దు రాయి ఏమీ చెప్పదు.
వెలుగు దాని మీద పడి తిరిగి రాదు,
ఇసుకలో పోసిన నీళ్లలా లోపలికి పోతుంది.
పెన్సిల్ పడుకోబెట్టి రుద్దితే బూడిదకుప్ప అయింది,
నిలబెట్టి గీస్తే ఎండిన బన్ను అయింది.
చెరిపిన చోటే, చెరపడం సరిగా కుదరని చోటే
కాస్త రాయిలా కనబడింది.

పుట్టినప్పటి పలుగురాళ్లు కూడా చూశాను,
అతని షెడ్డులో, అరిగిన చెప్పుల పెట్టె పక్కన.
ఒక్కటీ నేను గీసినట్టు లేదు.
ఇరుకు నోట్లో పళ్లలా
ఒకదాన్నొకటి నెట్టుకుంటూ లేచాయి.
చోటున్న వైపు సాగాయి, లేని వైపు అణిగాయి.
ఒకదాని మొన విరిగి
ఆ విరుగు మీదే ఇంకో చిన్నది మొలిచింది.

ఆదివారం పాత మిల్లుకి తీసుకెళ్లాడు.
నీళ్లు లేవు, చక్రం ఆగిపోయింది.
చక్రానికెదురుగా ఒక చెక్క పీట, ఛాతీ ఆనించేది.
దాని మీద బోర్లా పడి
కాళ్లు వెనక కొయ్యకి తన్నిపెట్టి
ఒంటి బరువంతా రాయి మీద మోపేవాళ్లట.
ముక్కుకి జానెడు దూరంలో చక్రం,
ముక్కులో దాని పొడి.
అతను దగ్గుతూ చెప్పాడు, లేక
చెబుతూ దగ్గాడు.

నేను పీటనే చూస్తున్నాను.
గదిలో గోడలు గరుకు, నేల గరుకు, చక్రం గరుకు.
ఆ చెక్క ఒక్కటే
నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది.
ఏ సానరాయీ దాన్ని తాకలేదు.

రెండో బొమ్మలో
వీపు మీద మొద్దు బండలు, పెచ్చులూడినవి,
ఒక సందులో నాచు, ఒక సందులో పాత పిట్టగూడు.
లేవాలంటే మోకాళ్లు ముందు ఒప్పుకోవాలి దానికి.
రోజూ రాత్రి నీళ్ల కోసం
గుహ నుంచి వాగు దాకా పొట్టతో పాకుతుంది.
ఆ పొట్ట కింద మాత్రం,
ఆట ఆడేవాళ్లెవరూ తిరగేసి చూడని చోట,
రాళ్లు అద్దంలా ఉన్నాయి.

ఫ్రాంక్‌ఫర్ట్ ఇంకా ఏమీ రాయలేదు.
హార్ట్‌విగ్ బొమ్మని తలకిందులుగా తిప్పి పట్టుకున్నాడు.
చొక్కా రెండో గుండీ దగ్గర
అతని చెయ్యి దానంతటదే ఆగింది.

"ఎడమవైపు ఇంకాస్త అరగాలి," అన్నాడు.
"ఎంత తిన్నగా పడుకున్నా
ఎడమకే ఒరుగుతాం."