జవాబు రాకపోతే

నారిన్‌లో, కొండకింద, మంచు కొలిచే ఆఫీసు.
కింద బాయిలర్, మేడ మీద సర్వరు.
కిందిది నాది, పైది సాదత్ ఎజెది.
వసంతంలో ఆమె రిటైరు.
ఆ కుర్చీ కోసం బిష్కెక్ నుంచి ఎవరూ రాలేదు.
"కుబాత్, రాత్రంతా ఎలాగూ మేలుకునే ఉంటావు,
పైకి రా" అంది.

చేతులు కడుక్కున్నాను. గోళ్ళలో బొగ్గు పోలేదు.
నల్లటి తెర మీద చిన్న తెల్లగీత
కళ్ళార్పుతోంది.
"ముందు నువ్వెక్కడున్నావో అడుగు.
తర్వాత నీ చుట్టూ ఏముందో అడుగు.
ఆ తర్వాతే కాలు కదుపు."
పీడబ్ల్యూడీ. ఎల్ఎస్. సీడీ.
పొగమంచులో గొర్రెలు కాసేవాడికీ ఇంతేగా
అనుకున్నాను, పైకి అనలేదు.

నలభై మూడేళ్ళకి ఓనమాలు.
ఒక్క వేలితో దిద్దాను.
ఖాళీ వదలాల్సిన చోట వదలక,
వదలకూడని చోట వదిలి.
అలాంటి కమాండు లేదు, అంది.
అలాంటి కమాండు లేదు, అంది మళ్ళీ.
మా మామగారు కూడా
ఇంత ఓపిగ్గా కాదనలేదు నన్ను.

ఒకరోజు ఫైలు కాపీ చేశాను. తెర ఉలకలేదు, పలకలేదు.
"పనయిందా, లేదా?"
"అయింది. కాకపోతే అరిచేది.
జవాబు రాకపోతే బాగున్నట్టే."
ఇలాంటి కొంప నేనెక్కడా చూడలేదు.
మా ఇంట్లో బురుల్ మాట్లాడలేదంటే...
సరే, అది వేరే పాఠం.

డిసెంబరంతా అనుమతులు.
చదవొచ్చా, రాయొచ్చా, నడపొచ్చా;
నాకు, నా గుంపుకి, తక్కిన లోకానికి.
"లోకం చేతికి కలం ఇవ్వకు" అంది ఎజె
టీలో ఆప్రికాట్ జామ్ కలుపుకుంటూ.

జనవరిలో రూట్.
పాస్‌వర్డు కాగితం మీద రాసి చూపించి
పొయ్యిలో వేయమంది. పొయ్యి నాదే, వేశాను.
"ఇక నిన్నెవరూ కాదనరు. అందుకే
ఒళ్ళు దగ్గర పెట్టుకో."
ఆ రాత్రే ఒక చుక్క ఎక్కువ పడింది.
పదకొండేళ్ళ మార్చి నెలలు,
కనుమల మీద పడ్డ మంచంతా,
బొటనవేలంత శబ్దం లేకుండా పోయింది.

ఎజె తిట్టలేదు. బీరువాలోంచి ఇంకో డిస్కు తీసింది.
"ఆకులు, చేతులు కాలకముందే
తెచ్చి పెట్టుకోవాలి నాయనా."
మార్చి నెలలు ఒక్కొక్కటే ఇల్లు చేరడం
తెల్లారేదాకా చూస్తూ కూర్చున్నాను.
కింద బాయిలర్ చల్లారిపోయింది,
నా ఉద్యోగంలో మొదటిసారి.

ఏప్రిల్. కుర్చీ వీపున ఎజె శాలువా మాత్రం ఉంది.
రాత్రి మూడింటికి డిస్కు నిండిపోయింది.
ఎక్కడున్నావో అడుగు.
చుట్టూ ఏముందో అడుగు.
ఒక మూల ఒక్క లాగ్ ఫైలు, బొగ్గు బస్తాలా ఉబ్బి.
తెరిస్తే ఒకటే వాక్యం:
దోలోన్ కనుమ, నాలుగో కొలబద్ద పలకడం లేదు.
సెకనుకి నూరుసార్లు.
పందొమ్మిది రోజులుగా.
పదహారు కోట్ల పైచిలుకు సార్లు
ఒకడు తలుపు కొడుతూనే ఉన్నాడు,
నేను రోజూ మెట్లెక్కి, ఖాళీ తెర చూసి,
బాగున్నట్టే అనుకుని దిగిపోయాను.

తుడిచేయడం ఒక్క వరస పని. చేతికి బాగానే వచ్చు.
ముందు తుడవలేదు.
మొదటి వరస చదివాను, దాని పక్కన తేదీ చదివాను.
రోడ్డు బాగుచేసే తాలాయ్‌ని నిద్రలేపాను.
"నాలుగో స్తంభమా? కొస మాత్రం కనిపిస్తోంది,
టోపీ అంత. ఎవరూ అడగలేదని చెప్పలేదు."
పొద్దున్న లారీలు రెండు కనుమ ఇవతలే ఆగాయి;
డ్రైవర్లు నన్ను, నా బొగ్గు మొహాన్ని కలిపి తిట్టారు.

లాగ్ ఖాళీ చేశాను.
గంటకోసారి నాలుగో స్తంభాన్ని పలకరించమని
క్రాన్‌కి అప్పజెప్పాను.
ఎజె నోటుబుక్కులో, ఆమె గుండ్రటి దస్తూరీలో,
జవాబు రాకపోతే బాగున్నట్టే అని ఉంది.
కొట్టేయడానికి మనసొప్పలేదు.
కింద పెన్సిలుతో రాశాను:
ఎవరి జవాబో చూడు.