పదకొండో నంబరు బూచి

రీగాలో జూకి పోయే ట్రామ్ నాది.
పొద్దున ఎక్కేటప్పుడు పిల్లలు బంగారు కొండలు.
సాయంత్రం తిరుగు ప్రయాణంలో
ఆ పిల్లలే, ఆ టోపీలే,
ఎవరి ఏడుపు వాళ్ళది.

నా తల పైన చిన్న అద్దం ఒకటి.
ఇరవై రెండేళ్ళుగా అందులోనే
ఈ ఊరి తల్లుల్నీ తండ్రుల్నీ చూశాను,
కుడిఎడమలు తారుమారై, అరచేతంత మేర.

ఒకామె తాళంచెవుల గుత్తి ఇస్తుంది.
అది గలగలమని కింద పడుతుంది.
వంగి తీసి మళ్ళీ ఇస్తుంది.
ఏడోసారికి తియ్యదు.
ఒకాయన ఫోను చేతిలో పెట్టేసి
కిటికీలోంచి మంచును చూస్తూ కూర్చుంటాడు,
అప్పు తీర్చేసినవాడిలా.
ఇంకొకామె అరవదు. నవ్వుముఖంతోనే
కోటు చేతి లోపలికి వేళ్ళు పోనిచ్చి గిల్లుతుంది.
అద్దానికి అన్నీ కనిపిస్తాయి.
ఒక తాత, స్తంభాలు లెక్కపెడదాం రా అని మొదలుపెట్టి
పద్నాలుగు దగ్గర తనే నిద్రపోయాడు.
మనవరాలు ఆయన మఫ్లర్ సర్ది
పదిహేను, అంది గుసగుసగా.

ఏ ఉపాయమూ పారనప్పుడు
ఆఖరి అస్త్రం నేను.
"అదిగో, డ్రైవరమ్మ చూస్తోంది.
ఏడ్చావంటే దారిలో దించేస్తుంది."
వేళ్ళన్నీ నా వీపు మీదికి.

నిజానికి నేనెవర్నీ దించెయ్యలేదు.
తాగి సీటంతా పాడుచేసినవాణ్ణి కూడా
చివరి స్టాపు దాకా మోసుకెళ్ళాను.
అయినా ఎన్ని ఇళ్ళల్లో, ఏ రాత్రి,
సూపు తాగని పిల్లలకి నన్ను చెప్తున్నారో!
నా పేరు జింట్రా అని మాత్రం ఎవరికీ తెలియదు.

మొన్న డిసెంబరులో, నాలుగింటికే చీకటి.
నాలుగేళ్ళవాడు. ఆస్ట్రిస్ అట,
ఆ పేరు పెట్టెంతా వింది.
ఒక చేతికి గ్లౌజు ఉంది.
రెండోది ఎలుగుబంటి దగ్గర పడిపోయింది.
అది కావాలి. ఇప్పుడే కావాలి.
బూట్ల మంచు కరిగిన బురదలో
వెల్లకిలా పడి కాళ్ళు తన్నుతున్నాడు.
తల్లి, చెవుల దాకా ఎర్రబడి,
ఫలానా అని కాకుండా అందరికీ
క్షమాపణ చెబుతోంది.
మావాళ్ళు మర్యాదస్తులు, ఒక్క మాట అనరు.
ఆ మౌనం కన్నా
ఎవరైనా విసుక్కున్నా బాగుండు.
అప్పుడు లేచింది ఆమె వేలు కూడా.

సిగ్నల్ దగ్గర ఆపాను.
వాడు లేచాడు. జనం కాళ్ళ మధ్యనుంచి నడిచొచ్చాడు.
గ్లౌజు లేని చేత్తో నా గాజు తలుపు తట్టి
"దించేసేది నువ్వేనా?" అన్నాడు.
"అయితే నన్ను ఎలుగుబంటి దగ్గర దించు."

డ్రైవరుతో మాట్లాడరాదని
ఆ తలుపు మీదే రాసి ఉంది.
వాడికి చదవడం రాదు.
నాకు నవ్వు వచ్చింది, ఆ వెనకే ఇంకేదో.

మా ఇల్వాకి ముప్పై దాటాయి.
ఇప్పటికీ పోలీసు కనిపిస్తే వీధి మారుతుంది.
ఆ పోలీసుని అరువు తెచ్చింది నేనే,
రైల్వే స్టేషన్లో, ఒక మిఠాయి దగ్గర,
పక్కవాళ్ళు చూస్తున్నారని.

"దించడం నా పని కాదు నాయనా" అన్నాను.
"ఈ బండికి వెనక్కి పోవడమూ రాదు."
వాడు కాసేపు ఆలోచించాడు.
"మరి నీకేం వచ్చు?"

గంట కొట్టాను. రెండుసార్లు.
అంతకన్నా ఏమీ తోచలేదు.

ఏడుపు ఆగిందా అంటే, ఆగలేదు.
నా తలుపుకి ఆనుకుని
దిగేదాకా ఏడ్చాడు, కాస్త మెల్లగా,
నా పక్క మనిషిలా.
అద్దంలో తల్లి వేలు
నెమ్మదిగా ముడుచుకోవడం చూశాను.

దిగుతూ ఆమె నా వైపు చూడలేదు.
వాడు చూశాడు.
గ్లౌజు ఉన్న చెయ్యి ఊపాడు.
మళ్ళీ ఏమనుకున్నాడో,
లేని చెయ్యి.