ఆ గడి

ఏడు గంటలకు చెబుతారట.
ఇప్పుడు ఆరూ పది.
డిసెంబరు కదా, బ్రాటిల్‌బరోలో నాలుగున్నరకే చీకటి పడిపోయింది.
అప్పట్నించీ ఇంట్లో అందరూ
నన్ను చూడనట్టు నటిస్తున్నారు.

అమ్మ మూడోసారి అదే గిన్నె తుడుస్తోంది.
నాన్న మెడలో ఆ మఫ్లరు.
మెరూన్ మీద తెల్ల చారలు, ఒక కొస చిమ్మట కొట్టేసింది.
తాతది. అంతకుముందు తాతవాళ్ళ నాన్నది.
హీటరు మండుతున్న ఇంట్లో మఫ్లరెందుకని
ఎవరూ అడగలేదు.
ఫ్రిజ్‌లో పాల డబ్బా చాటున
ఒక షాంపేన్ సీసా పడుకుని ఉంది.
నేను చూశానని వాళ్ళకు తెలీదు.

మెట్ల మీంచి తమ్ముడు ఆన్సెల్ గుసగుసగా,
"నీకు రాకపోతే
నేనూ అక్కడికి పోనక్కర్లేదు కదా?"

పెన్‌హాలో.
ఆ కాలేజీ పడవల షెడ్డులో ఓ బల్ల మీద
ఈ ఇంటిపేరు చెక్కి ఉంది.
ఆరేళ్ళప్పుడు నన్ను దాని మీద కూర్చోబెట్టి ఫొటో తీశారు.
కాళ్ళు నేలకి అందలేదు.
ఇప్పుడు అందుతున్నాయని చెప్పలేను.

తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి.
దరఖాస్తులో ఆ గడి అడిగేదీ అదే, కాస్త మర్యాదగా:
మీ కుటుంబంలో ఇక్కడ చదివినవారు ఉన్నారా?
ఉంటే పేర్లు, సంవత్సరాలు.

నాలుగు తరాల నెయ్యి.
అక్టోబరు ఆఖరి రాత్రి,
దెయ్యాల వేషాలేసుకుని పిల్లలు తలుపు కొడుతుంటే
ఆ గడి ముందు గంటన్నర కూర్చున్నాను.
"లేరు" అని నొక్కాను.
ఎవ్వరికీ చెప్పలేదు.

ధైర్యమా అంటే, కాదు.
నిల్డా వల్ల కావచ్చు.
నిల్డా పచేకో, కెమిస్ట్రీలో నా పక్క బల్ల.
నా తప్పులు పెన్సిల్‌తో, తుడిచేసుకోడానికి వీలుగా దిద్దుతుంది.
తనూ అక్కడికే వేసింది.
"ఆ గడి నాకు అర సెకను పట్టింది" అంది నవ్వుతూ.
ఆ అర సెకను
నా గొంతులో చేపముల్లు.

పంపేశాక, నిద్రపట్టని ఏ రెండు గంటలకో తట్టింది:
మొదటి పేజీ మొదటి గడిలోనే
పూర్తి పేరు రాశాను కదా!
దీపం ఆర్పి, గుమ్మంలో నిలబడి
ఇంట్లో ఎవరూ లేరని అరిచినట్టుంది
నా త్యాగం.

వస్తే, వచ్చింది నాకో ఆ బల్లకో తెలియదు.
రాకపోతే,
ముగ్గురు చనిపోయినవాళ్ళనీ, బతికున్న నాన్ననీ
ఒక్క నొక్కుతో లేరన్నందుకే అనుకుంటాను.
నాన్న మఫ్లరు విప్పి, మడతపెట్టి,
"పోనీలే తల్లీ" అంటాడు.
నా భయమంతా ఆ మాటకే.

ఏడుకి రెండు నిమిషాలు.
కుక్క బయటికి పోతానంది.
బతుకుజీవుడా అని నేనూ లేచాను.

వీధి మలుపులోంచి పసుపు దీపం తిప్పుకుంటూ
మంచు తోసే బండి వస్తోంది.
నడిపేది నిల్డావాళ్ళ నాన్న.
టైము చూసుకున్నాడో లేదో.
మా వాకిలికి అడ్డంగా గట్టు పడకుండా
ఆ పెద్ద ఇనప పారని ఒక అడుగు పైకెత్తి,
దాటాక మళ్ళీ దించాడు.
చెయ్యి ఊపాడు.
నేనూ ఊపాను, వేళ్ళు కొంకర్లు పోతున్న చెయ్యి.

జేబులో ఫోను వణికింది.
"చూశావా?"
"ఇంకా లేదు. నువ్వు?"
మూడు చుక్కలు వచ్చాయి. పోయాయి.
మళ్ళీ వచ్చాయి.

కుక్క మంచులో
ఎవరివో పాత అడుగులు
వాసన చూస్తోంది.