గుండు టైర్లు

ముప్ఫై రెండేండ్లు
బోడి టైర్లకి గీతలు పోసిన చెయ్యి ఇది.
చిత్తూరులో, వేలూరు రోడ్డు పక్కన,
మాంగాయ గుజ్జు ఫ్యాక్టరీకి ఎదురుగా నా రీట్రేడింగు షెడ్డు.
టైరు గుండుపడితే లారీ డ్రైవర్లు
అప్పు అడగను వచ్చినట్టు
తల వంచుకోని వస్తారు నా కాడికి.

పోయిన ఎండాకాలం
పశువుల డాక్టరమ్మ సుగుణమంజరి
ఆటోలో ఎనిమిది టైర్లు వేసుకోని వచ్చింది.
కొత్తవి. రసీదు కూడా ఉండాది.
ఒక్క గీత లేదు.
"ఎవురో నిన్ను బాగా మోసం చేసినారు మేయ్" అన్నాను.
"ఇవి పుట్టడమే గుండుతో పుట్టినాయి మామా" అనింది.

ఆదివారం వస్తే ఆమె
పాత ఎస్టీము కారును శ్రీపెరుంబుదూరు దాకా తోలుకుపోయి
గుండ్రంగా తిప్పి తిప్పి
బయలుదేరిన చోటికే వస్తాదంట.
యాడికీ పోని దోవకి
ఇంత దుడ్డు పోసే మనిషిని నేను చూళ్ళేదు.

"రెండు రకాలు తెచ్చినాను. ఏది మేలో నువ్వు చెప్పు."
గోరు గుచ్చి చూసినాను.

మొదటిది ఖాదరు పండు.
గోరు దిగిన చోట గుర్తు నిలిచిపోయింది.
ఒక్క చుట్టుకే కాగి
సంగటి ముద్ద చేతిని పట్టినట్టు రోడ్డును పడతాది.
ఏడో చుట్టుకి దానికి ఆయాసం,
అంచుల్లో ఉండలుండలుగా రాలిపోతాది.

రెండోది బెంగుళూరా కాయ,
లారీలో ఢిల్లీ దాకా పోయినా వాడదు.
కాగను మూడు చుట్లు కావాల,
అంతదాకా మలుపు మలుపుకీ తోక ఊపతాది.
కాగినాక మాత్రం
ఆఖరి జెండా వరకూ ఒకటే మాట.

"దీని ఆయుస్సు మందంలో లేదు మామా,
ఎన్నిసార్లు కాగి ఎన్నిసార్లు చల్లారిందో ఆ లెక్కలో ఉండాది"
అని సుద్దముక్కతో టైరు పక్కన
అడ్డంగా ఒక గీత గీసింది.
గేజీ పెట్టి మందం కొలిచి బతికినోణ్ణి,
చాలాసేపు ఆ గీతనే చూస్తా నిలబడినాను.
టీ తెచ్చిన నా పెండ్లాము వళ్ళియమ్మ
"మనుషులు కూడా..." అని ఎత్తుకోబోతే
ఆపినాను.
టైరును టైరుగా ఉండనీ అమ్మా.

ఆ ఆదివారం నేనూ పోయినాను, సంచిలో సామాన్లతో.
ఇరవై రెండు గాలి పెట్టి పంపిస్తే
ఇరవై ఎనిమిదితో తిరిగొచ్చింది.
వాచీ చూస్తా, వేళ్ళు మడస్తా లెక్క కట్టినాను:
మెత్తది ఆరు చుట్లు, చుట్టుకి ఒకటిన్నర సెకను ముందు.
మిగతా నాలుగు చుట్లు, చుట్టుకి రెండు సెకన్లు వెనక.
పదో చుట్టు ముగిసేసరికి
ఒక్క సెకను.
రెండు రకాల మధ్య నాకు దొరికింది
అంతే.

మధ్యాన్నానికి మబ్బు పట్టింది.
నీళ్ళు పడితే ఈ గుండ్లు జారిపోతాయి,
నీరు పోను దోవ ఉండాల కదా.
ఆమె నా మొకం చూసింది, నేను నా సంచి చూసినాను.
కత్తి కాల్చి
గట్టి రకం నాలుగిటికీ చేత్తోనే గీతలు కోసినాను,
నలభై నిమిషాలు, వంచిన నడుము ఎత్తకుండా,
పక్క షెడ్డు పిల్లోళ్ళు సెల్లుల్లో పట్టుకుంటా ఉంటే.
ఇంత వాటంగా ఏ లారీకీ కొయ్యలేదు నేను.

తొమ్మిది చినుకులు పడినాయి.
లెక్కపెట్టినాను.
మబ్బు కాంచీపురం పక్కకి పోయింది.

మెత్తవి బిగించుకోని పోయి
ఆరోదిగా వచ్చింది సుగుణమంజరి.
హెల్మెట్టు తీసి, చెమట తుడుచుకోని,
వేడి రబ్బరు వాసనలో నా పక్కన కూర్చోని
వాడకుండానే ముగిసిపోయిన ఆ నాలుగిటినీ
వేలితో తడిమి చూసింది.
"గీతలు బాగుండాయి మామా."

ఇప్పుడవి నా షెడ్డు ముందర ఉండాయి.
మాంగాయల లారీలోళ్ళు ఆగి అడగతారు,
ఇవి ఏ బండివన్నా అని.