పావు అల

దండపాణి మహారణా కళ్ళద్దాల్లో
ఎప్పుడూ ఒక ట్యూబులైటు కాపురముంటుంది.
కొమ్ము అరగదీస్తూ తల వంచితే అది పైకి జారుతుంది,
తలెత్తి నన్ను చూస్తే
కళ్ళుండాల్సిన చోట రెండు తెల్లటి గీతలు.
"నీ మొహం సరిగ్గా అగుపడదు మా,
నా కన్నే నాకెదురొస్తాది" అంటాడు.

పర్లాకిమిడి రైలుగేటు దాటాక
మా కాలేజీ రెండో అంతస్తులో
ఆ గీతల్ని చెరపడమే నా ఉద్యోగం.
కత్తి లేదు, గుడ్డ లేదు.
ఒక తెర, ఒక పాత కంప్యూటరు,
ఏసీ కారే నీళ్ళకి కింద ఎర్ర బకెట్టు.

గాజు మీద ఒక పొర వెయ్యాలి, అంతే.
పొర పైనుంచి కొంత వెలుగు వెనక్కొస్తుంది,
అడుగునుంచి ఇంకొంత.
మందం సరిగ్గా పావు అల ఉంటే
అడుగుది అర అల ఆలస్యంగా చేరి
పైదాని గట్టు మీద తన గుంటని పరుస్తుంది.
రెండూ ఉండవు.
పోట్లాడుకుని కాదు,
ఆలస్యమై.

కానీ గాలి ఒకటి, గాజు ఒకటిన్నర.
నడుమ నిలబడేదానికి ఒకటీ పాయింట్ రెండు రెండు కావాలి.
అంత తేలిక ఘనం ఎక్కడా దొరకదు.
మెగ్నీషియం ఫ్లోరైడు మూడెనిమిది దగ్గరే చతికిలబడుతుంది.
అందుకని సిలికాని తీసుకుని తొలుస్తాను,
ఇక్కడో అణువు, అక్కడో అణువు పీకేసి
సగానికి మించి ఖాళీ నింపుతాను.
నూటపదమూడు నానోమీటర్ల మందాన
దాదాపు ఏమీ లేనితనం.

నలభై ఒకటో గంటలో కరెంటు పోయింది.
మళ్ళీ మొదట్నుంచి.

ఈసారి గీత తెరమీద నేలకి అంటుకుపోయింది,
ప్రతిఫలనం సున్నాకి వెంట్రుకవాసి దూరంలో.
ఆ సాయంత్రం గొప్పగా చెప్పాను మహారణాకి.
ఆయన గేదెకొమ్ముని వేడిచేసి వంచుతున్నాడు,
లెక్క ఒడియాలో, తిట్లు తెలుగులో.
"టికే రహ" అని నన్నాపి, కొమ్ముని బిగించి,
"ఎంత ఖాళీ ఎట్టినావు?" అన్నాడు.
"సగం పైనే."
"మరి వానొస్తేనో?"

నా నమూనాలో వాన లేదు.
మహేంద్రతనయ లేదు, ఆషాఢం లేదు,
మొహం తుడుచుకునే తువ్వాలు లేదు.
రాత్రి నీటి అణువుల్ని వదిలాను.
అవి ఎవర్నీ అడక్కుండా, తలుపుల్లేని ఇళ్ళలోకి దూరినట్టు,
రంధ్రం రంధ్రంలోకీ దూరాయి.
తెల్లారేసరికి గుణకం
ఒకటీ పాయింట్ మూడెనిమిది.
ఏ ఫ్లోరైడుని కాదనుకున్నానో దాని గడపకే
చుట్టూ తిరిగి వచ్చాను.
నవ్వొచ్చింది. ఏడుపు కూడా, కొంచెం.

వారం రోజులకి
బెహరా కళ్ళజోళ్ళ షాపువాడు కటక్ నుంచి తెప్పించిన
కోటింగు అద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు మహారణా.
నా పొర కాదు, ఏదో ఫ్యాక్టరీది.
పక్కకి తిరిగినప్పుడు
ఒక పచ్చటి నీడ మెరిసి పోయింది.
"ఇదేటి, ఇంకా ఉందే?"
"అన్ని రంగులూ ఒక్కసారే చెరగవు. ఆ మాత్రం మిగులుతుంది."
"ఉండనీ" అన్నాడు.
జీవితమంతా కొమ్ముకి మెరుపెక్కించినవాడు,
అద్దం మెరవలేదని ఎందుకు బాధపడతాడు!

మళ్ళీ తలెత్తాడు.
ట్యూబులైటు లేదు.
పదకొండేళ్ళ పరిచయంలో మొదటిసారి
ఆయన కళ్ళు చూశాను.
కుడిది గోధుమరంగు, తేటగా.
ఎడమ కంటిపాప మీద,
ఇన్నాళ్ళూ ఆ తెల్లగీత కింద దాక్కుని,
పాలచుక్క లాంటి
పొర.

"ఏటలగ సూస్తున్నావు, మా?"

పాతపట్నంలో శుక్రవారాలు కంటి డాక్టరొస్తాడు.
ఈరోజు బుధవారం.