సూడు

కత్తిరి ఎండలు మొదలైన మూడో రోజు
సాలిగ్రామంలో, మేడ మీది రేకుల గదిలో
నా మిషను తొంభై ఏడు డిగ్రీల దగ్గర నిలబడింది.

ఆగిపోలేదు.
దుక్కిలో ఎద్దు అటు పడుకోదు, ఇటు నడవదు,
నిలబడి ఒగరుస్తుందే, అలాగ.
ఎవరిదో పెళ్ళి వీడియో, మూడు గంటల నిడివి,
తలంబ్రాల దగ్గర నాలుగో శాతంలో ఇరుక్కుంది.

నిన్ననే కదా కూలరు కొన్నాను.
రిచీ స్ట్రీట్‌లో ఇళంగోవన్ కొట్లో
రెండువేల ఆరువందలు, బేరమాడితే వంద తగ్గించాడు.
నాలుగు రాగి గొట్టాలు, జానెడు ఎత్తు,
బస్సులో పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను.
కంపెనీ ఇచ్చిన పాతది అప్పడమంత ఉండేది,
దానితో ఎనభై ఎనిమిది.
దీనితో తొంభై ఏడు.
మందు పడ్డాక జ్వరం పెరిగింది.

ఫోను చేశాను.
"రొంబ సూడా?" అన్నాడు ఇళంగోవన్.
సూశానన్నాను.
"ఎవ్వళవు సూడు?"
ఇంకా ఎంత సూడమంటాడు?
మా పలాసలో సూడమంటే చూడమనే.
ఆయన భాషలో సూడంటే వేడి.
ఆరేళ్ళుగా ఈ ఊళ్ళో ఉండి తెలియక కాదు,
నిద్ర లేని చెవి పుట్టినూరికి పోతుంది.

సరే, సూశాను.
ఫ్యాను మీది బాణం గుర్తు వెనక్కే ఉంది.
అగరొత్తి వెలిగించి ముందు పెడితే
పొగ లోపలికి దూరి వెనకనించి
బుద్ధిగా బయటికి పోయింది.
గాలి తప్పు కాదు.

మరలు నాలుగు.
ఒకటి బిగించాక పక్కది కాదు, ఎదురు మూలది,
ముగ్గు చుక్కలు అడ్డంగా కలిపినట్టు.
అలాగే చేశాను.
తొంభై ఆరు.

పేస్టేమో అని విప్పాను.
పటాణీ గింజంత పెట్టమన్నాడాయన.
భయానికి కుంకుడుకాయంత పెట్టినట్టున్నాను,
అంచులు దాటి బూడిదరంగు బురద.
దూది, స్పిరిటు.
చిప్పు మీద అక్షరాలు తేలేదాకా తుడిచాను,
కూలరు అడుగున నా ముక్కు కనపడేదాకా.
అక్కడ ఎర్రగా, చీమల వరసలా ఇంగ్లీషు అక్షరాలు.
కంపెనీ పేరనుకుని
వాటినీ మెరిపించాను.
ఈసారి కందిగింజంత.
తొంభై ఏడు.

మూడోసారి విప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నప్పుడు
పక్కగది ఆమోస్ వచ్చాడు.
డబ్బింగు చెప్తాడు, సీరియళ్ళలో ఏడుపులకి పిలుస్తారు,
ఆడ గొంతూ పలుకుతుంది.
"ఎంత?" అన్నాడు, మిషను గురించో గది గురించో.
కూలరు తలకిందులు చేసి టార్చి వేశాడు.
డబ్బింగు అలవాటు, అక్కడికక్కడే తెలుగు చేసి
విషాదంగా చదివాడు:
"బిగించుటకు ముందు దీనిని ఒలిచివేయవలెను."

గోరు పెట్టాడు.
చిర్రుమని చిన్న చప్పుడు.
ఉల్లిపొర కన్నా పల్చన.

రెండు రాత్రులు ఆ పొరనే తోమాను నేను.
లోపల చిప్పు కేకలు పెడుతుంటే
మూసిన తలుపుకి పాలిష్ పెడుతూ కూర్చున్నాను.

మళ్ళీ కందిగింజంత. మళ్ళీ నాలుగు మరలు.
అరవై నాలుగు.
ఇద్దరం కళ్ళు నులుముకుని చూశాం, అరవై నాలుగే.
తలంబ్రాలు దాటి, అరుంధతి దాటి
పెళ్ళి అప్పగింతల్లోకి వచ్చింది.
స్పీకరు లేదు. తెర మీద పిల్ల నోరు తెరవగానే
ఆమోస్ ఏడవడం మొదలుపెట్టాడు, పెదవికి పెదవి కలిపి.
కింద వాటా ధనపాక్కియం గారి లైటు వెలిగింది.

గంటకి గది ఇంకాస్త కాగింది.
అవును మరి, ఇన్నాళ్ళూ చిప్పులో ఇరుక్కున్నది
దారి దొరికి మా మీదికొచ్చింది.
చొక్కాలు విప్పి తలుపు తీశాం.
సముద్రం ఉన్న దిక్కునించి
ఇంకా ఏమీ రాలేదు.

పొద్దున్నే ఇళంగోవన్ ఫోను.
"ఇప్పో సూడు ఇల్లయే?"
"సూడనేదన్నా," అన్నాను.
"మొదట్నించీ సూడనేదు."
ఆయనకి ఏ సూడు వినపడిందో,
"అప్పో సరి," అని పెట్టేశాడు.